మా వియ్యపురాలి న్యూజెర్సీ పాఠం

మా వియ్యపురాలు పోయిందన్న కబురు నాకు మా అమ్మాయి ఉండే ప్లేనోలో తెలిసింది. మా అమ్మాయి ఇండియన్ స్టోర్ ముందు కారు ఆపి కూరగాయల కోసం లోపలికి వెళ్లింది. నేను కారులోనే కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాను. మిషిగన్‌లోని ట్రాయ్ నుంచి, మా ఇంటి నుంచి, మా కోడలు ఫోన్ చేసింది. "మావయ్యగారూ, అమ్మ పోయిందండీ. పొద్దున కాఫీ తాగుతూ..." అంది. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "సగం కప్పు తాగిందా, మొత్తం తాగిందా?" అని. వేరే ఎవరైనా వింటే ముసలాడికి మతిపోయిందనుకునేవాళ్లు. కోడలు మాత్రం ఏడుస్తూనే జవాబు చెప్పింది. "సగమేనండీ. మిగతా సగం కౌంటర్ మీదే ఉంది."

ఆవిడ అలవాటు అది. సగం కప్పు తాగి, మిగిలింది మూతపెట్టి, ఎవరితోనో ఒకరితో వాదన ముగించుకుని వచ్చి రెండో సగం తాగేది. ఆ ఎవరో ఒకరు ఎక్కువగా నేనే.

సాయంత్రానికి మా తెలుగు సంఘం నుంచి ఈమెయిలు వచ్చింది. 'మాతృమూర్తి', 'మృదుభాషి', 'వివాదాలకు అతీతంగా సంఘానికి ఎనలేని సేవ చేసిన మహిళ' అని రాశారు. మృదుభాషి అట! చదువుతుంటే నాకు ఏడుపు ఆగిపోయి ఒళ్లు మండింది. ఆవిడ సంఘానికి సేవ చెయ్యలేదు. సంఘంతో పోట్లాడింది. ఆ ఈమెయిలు కింద సంతకాలు పెట్టినవాళ్లతోనే పోట్లాడింది. వాళ్ల చేతిలో ఓడిపోయింది కూడా. చచ్చినవాళ్లందరికీ ఒకే చొక్కా తొడిగే ఈ పద్ధతి నాకు ఏనాడూ నచ్చలేదు. అందుకే ఈ పత్రిక వాళ్లని నాలుగు పేజీలు అడిగి తీసుకున్నాను. మొహమాటపడే వయసు నాకు ఎప్పుడో దాటింది.

ఆవిడ గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేది. భర్త పోయాక, రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చింది. ఆ కూతురు మా కోడలు. నేనూ మా ఆవిడా అంతకు కొన్ని నెలల ముందే అదే ఇంటికి వచ్చాం. వియ్యాలవాళ్లు ఒకే కప్పు కింద ఉంటే ఆ కప్పు నిలవదని ట్రాయ్‌లో చాలామంది పందేలు కాశారు. వాళ్ల పేర్లు నాకు గుర్తున్నాయి. కప్పు నిలిచింది.

ఆవిడ దిగిన రోజు ఎయిర్‌పోర్టు నుంచి వస్తుంటే కారులో జరిగిన సంభాషణ నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ముందటేడు అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడాలో ఓట్ల లెక్కింపు గొడవ అయింది కదా. ఆ గొడవంతా ఆవిడ గుంటూరులో టీవీ ముందు కూర్చుని చూసిందట. అల్లుడు, అంటే మా అబ్బాయి, సీటుబెల్టు పెట్టుకొమ్మంటే పెట్టుకుంటూ అడిగింది.

"బాబూ, ఇక్కడ అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది జనమా, శాసనసభలా?"

"జనమే అత్తయ్యా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేంటి, అందరికీ తెలిసిందేగా. నవంబర్‌లో ఓట్ చేస్తారు, ఎలక్టర్లు వస్తారు, వాళ్లు ప్రెసిడెంట్‌ని ఎన్నుకుంటారు."

"ఆ ఎలక్టర్లని జనమే ఎన్నుకోవాలని రాజ్యాంగంలో ఎక్కడుందో చూపిస్తావా?"

మావాడు ఆలోచిస్తూ హైవే మీద ఎగ్జిట్ మిస్సయ్యాడు. వెనక సీట్లో కూర్చున్న నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎందుకంటే అది ఎక్కడా లేదు! ఆ సంగతి నాకు తెలుసు. లైబ్రరీలో కూర్చుని అమెరికా చరిత్ర మీద పాత పుస్తకాలన్నీ నమిలినవాణ్ణి. ప్రతి రాష్ట్రమూ తన శాసనసభ చెప్పిన పద్ధతిలో ఎలక్టర్లని నియమించాలని మాత్రమే ఉంది. శాసనసభ జనాన్ని అడిగితే అడగొచ్చు, మానితే మానొచ్చు. ఈ విషయం మాట్లాడడానికి ట్రాయ్‌లో ఒక్క మనిషి దొరక్క నెలల తరబడి నోరు మూసుకుని ఉన్నాను. మనవాళ్ల పార్టీల్లో హెచ్‌వన్ వీసాలూ ఇళ్ల రేట్లూ తప్ప మాటుండదు. అలాంటిది, నా పక్క సీట్లో, కాళ్ల దగ్గర ఆవకాయ జాడీ పెట్టుకుని, ఈవిడ!

"చెల్లెమ్మా, సౌత్ కరోలినా సంగతి తెలుసా మీకు?" అన్నాను.

"అంతర్యుద్ధం దాకా జనాన్ని అడగనే లేదు కదా అన్నయ్యగారూ, వాళ్ల శాసనసభే ఎలక్టర్లని వేసుకుంది" అంది. ఇల్లు చేరేదాకా మేమిద్దరం ఊపిరి తీసుకోలేదు.

ఒక్క విషయంలో మాకు చివరిదాకా పడలేదు. రాజ్యాంగం రాసినవాళ్లకి జనమంటే నమ్మకం లేదు, అందుకే అధికారం శాసనసభల చేతికిచ్చారని నా వాదన. ఆవిడ ఒప్పుకునేది కాదు. "నమ్మకం లేక కాదండీ, అలిసిపోయి. వాదించుకుని వాదించుకుని, ఇక ఓపిక లేక, మీ మీ రాష్ట్రాల్లో మీకు తోచినట్టు ఏడవండని వదిలేశారు. కుట్రకన్నా బద్ధకం ఎక్కువ చట్టాలు రాసింది" అనేది.

కొన్నేళ్లకి ఆవిడ పౌరసత్వం తెచ్చుకుంది. ఆ తర్వాత శనివారం క్లాసు మొదలుపెట్టింది. గ్రీన్‌కార్డు మీద ఉన్న మాలాంటి ముసలివాళ్ల బాధ పిల్లలకి అర్థం కాదు. ఇండియా వెళ్లి ఎక్కువకాలం ఉండిపోతే గ్రీన్‌కార్డుకి ముప్పు. చెల్లెలికి ఆపరేషన్ అయినా, అన్నకి జబ్బు చేసినా, వెళ్లిన రోజు నుంచే తిరిగి రావలసిన తేదీ గుండెల మీద కూర్చుంటుంది. సిటిజన్ అయిపోతే ఆ బెంగ ఉండదు. కానీ దానికి ఇంగ్లీషులో ఇంటర్వ్యూ. మా ఆవిడ ఒకసారి వెళ్లి, ఆఫీసరు అడిగిన మొదటి ప్రశ్నకే నోరు పెగలక తిరిగొచ్చింది. ఇంకోసారి వెళ్లనని భీష్మించుకుంది. దాని అక్క విజయవాడలో మంచానపడి ఉంది. వెళ్లి ఆ అక్క దగ్గర వెనక్కి చూసుకోకుండా ఉండాలని దాని కోరిక. ఆ క్లాసు లేకపోతే ఆ కోరిక తీరదని ఇంట్లో అందరికీ తెలుసు.

క్లాసు జరిగేది మా సంఘం గదిలో. ఒక స్ట్రిప్ మాల్‌లో, అంటే రోడ్డు పక్క దుకాణాల వరసలో, డెంటిస్టుకీ పిజ్జా దుకాణానికీ మధ్య. వచ్చేవాళ్లందరికీ అరవై దాటాయి. అందరికన్నా ముందు వచ్చి ముందు కుర్చీలో కూర్చునేది వరంగల్ పెద్దాయన. రిటైర్డ్ తహసీల్దారు. మా సంఘానికి ట్రాయ్ కమిటీ చైర్మన్ ఆయన కొడుకే. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఆవిడ పాఠం చెప్పే తీరు చూడాలి! పరీక్షకి వంద ప్రశ్నలు. అవి గంటలో వల్లె వేయించేసేది. ఆ తర్వాత కొంగులోంచి ఒక కమలాపండు తీసేది. తొక్క ఒలుస్తూ, "ఇప్పుడు పరీక్షలో రానిది చెప్పుకుందాం" అనేది. అందరూ కుర్చీలు ముందుకు జరుపుకునేవాళ్లు.

"ఇవి న్యూయార్క్ వాటా ఎలక్టర్లు" అంటూ తొనలు బల్లమీద పేర్చేది. "మొట్టమొదటి అధ్యక్ష ఎన్నిక. శాసనసభ వీళ్లని ఎన్నుకోవాలి. కింది సభ ఏమంది? ఇద్దరం ఒకచోట కూర్చుని ఓట్లేద్దామంది. వాళ్లు ఎక్కువమంది కదా. పై సభ ఏమంది?"

"ఎట్ల ఒప్పుకుంటరు? ఒప్పుకోరు!" అనేవాడు పెద్దాయన.

"ఒప్పుకోలేదు. మా మాట మాకు విడిగా ఉండాలన్నారు. నువ్వు తగ్గంటే నువ్వు తగ్గు. రోజులు గడిచిపోయాయి. గడువు దాటింది. దేశమంతా మొదటి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటుంటే..."

"న్యూయార్క్ ఏం చేసింది?" మా ఆవిడే అడిగింది. నోరు పెగలని మా ఆవిడ!

"ఏం చేస్తుంది వదినా, చూస్తూ కూర్చుంది. ఒక్క ఓటూ వెయ్యలేదు." బల్లమీది తొనలు అలాగే ఎండిపోవలసిందే అన్నట్టు ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. తర్వాతి రాష్ట్రం వచ్చాకే పంచేది.

"అబ్బ, గంత పంతమా!" అని పెద్దాయన తొడ చరిచాడు. "మా ఊళ్లె అన్నదమ్ములు గిట్లనే కొట్లాడి ఇద్దరి పొలం బీడు పెట్టిన్రు."

ముసలివాళ్లు సినిమా చూస్తున్నట్టు చూసేవాళ్లు. నేను మధ్యలో లేచి మసాచుసెట్స్ శాసనసభ జనం చేతిలోంచి ఎన్నిక ఎలా లాక్కుందో అందించేవాణ్ణి. "అన్నయ్యగారూ, పిల్లలు వినాలి, మీరు కూర్చోండి" అనేది. పిల్లలంటే మేమే.

ఒకసారి చైర్మన్ గదిలోకి తొంగిచూసి, "ఆంటీ, ఇవన్నీ సిలబస్‌లో లేవు కదా" అన్నాడు. ఆవిడ తల కూడా తిప్పలేదు. "జవాబులు బట్టీ పడితే వస్తాయి నాయనా. భయం పోవాలంటే కథ కావాలి" అంది.

ఇక అసలు గొడవకి వస్తాను. ఆ ఏడు దేశానికీ ఎన్నికలే, మా సంఘానికీ ఎన్నికలే. మా సంఘం డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఒక్కటే. ట్రాయ్, నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్, అలా. ఒక్కో ఊరికి ఒక కమిటీ. ఒక్కో కమిటీ కొందరు డెలిగేట్లని పంపుతుంది, అందరికన్నా ఎక్కువమందిని ట్రాయ్. డెలిగేట్లు కలిసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. డెలిగేట్లని ఎలా ఎంచుకోవాలన్నది ఆయా కమిటీ ఇష్టం. నిబంధనల్లో అంతే ఉంది. సంఘం పెట్టిన రోజుల్లో ఎవరో తెలివైనవాడు అమెరికా రాజ్యాంగం చూసి దింపేసినట్టున్నాడు.

ఆచరణలో ఏం జరిగేదంటే, కమిటీలోని పెద్దమనుషులు ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో కూర్చుని, నాలుగు గ్లాసులు ఖాళీ చేసి, తమలో తామే డెలిగేట్లని అనుకునేవాళ్లు. మర్నాడు హాల్లో పేర్లు చదివేవాళ్లు. 'ఏకగ్రీవం' అనేవాళ్లు. చప్పట్లు. బయట ఆంధ్రా తెలంగాణా అని ఎంత కొట్టుకున్నా బేస్‌మెంట్‌లో మాత్రం గొప్ప సమైక్యత. ఏకగ్రీవం అన్న మాట మనవాళ్ల నోట వింటే నాకు ఇప్పటికీ చేతులు జేబుల్లోకి వెళతాయి, చప్పట్లు కొట్టకుండా ఉండడానికి.

ఆ ఏడు అధ్యక్ష పదవికి ఇద్దరు పోటీ పడ్డారు. ఒకాయన బిల్డరు. సంఘం గదిని శనాదివారాలు పుట్టినరోజు పార్టీలకి ఇచ్చేద్దామన్నాడు. ఇంకొకామె కాంటన్ డాక్టరమ్మ. గది క్లాసుకే ఉండాలంది. కాబట్టి డెలిగేట్లు ఎవరన్నదాన్ని బట్టి అధ్యక్షుడు, అధ్యక్షుణ్ణి బట్టి మా గది, గదిని బట్టి మా ఆవిడ ఇంటర్వ్యూ. ట్రాయ్ కమిటీ బిల్డరు పక్షం. జనం డాక్టరమ్మ పక్షం. ముసలి తల్లిదండ్రులు లేని ఇళ్లు ట్రాయ్‌లో ఎన్నున్నాయి?

ఆదివారం మధ్యాహ్నం కమిటీ సమావేశం. చైర్మన్ లేచి, "గొడవలెందుకు, అందరం ఒక్క ఫ్యామిలీలా ఉన్నాం, ఏకగ్రీవంగా..." అంటుండగానే మా వియ్యపురాలు లేచింది. చీర మీద స్వెటరు, కాళ్లకి మంచు బూట్లు.

"డెలిగేట్లని మెంబర్లే ఎన్నుకునేలా మీరు తీర్మానం చెయ్యొచ్చు కదా నాయనా?"

"ఆంటీ, బైలాస్ మార్చాలంటే ప్రాసెస్ చాలా ఉంటది."

"ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఎలా ఎన్నుకోవాలో మీ ఇష్టమని ఉంది. మీ ఇష్టం మారితే చాలు. ఈ దేశంలో అలాగే జరిగింది. రాష్ట్రాల శాసనసభలు ఒక్కొక్కటే జనాన్ని అడగడం మొదలుపెట్టాయి. అలా అడగమని రాజ్యాంగంలో ఇవాల్టికీ లేదు. సిగ్గు పెరిగింది, అంతే."

వెనక ఎవరో నవ్వారు. కమిటీ కోశాధికారికి అది నచ్చలేదు. మా జిల్లావాడే, అందుకే మరీ కోపం నాకు. "అమ్మా, తమరు మెంబర్ కాదు కదండీ? ఫ్యామిలీకి ఒక ఓటు, అది మీ అల్లుడుగారిది. మీకసలు ఓటే లేదు" అన్నాడు.

"అందుకే మాట్లాడుతున్నాను బాబూ. ఉన్నవాళ్లు చప్పట్లు కొడుతున్నారు కదా" అంది.

హాలు గొల్లుమంది! నేను జీవితంలో చాలా సభలు చూశాను, చాలా ఉపన్యాసాలు చదివాను. ఒక్క వాక్యంతో హాలు ఇటు నుంచి అటు తిరగడం ఆ రోజే చూశాను. అవతలి వరసలో కూర్చున్న ఆడవాళ్లు ముందు కేకలేశారు. తర్వాత మగవాళ్లు. చైర్మన్ చెమట తుడుచుకుని, సరే, వచ్చే నెల రెండో ఆదివారం పోలింగ్ పెడతాం, ట్రాయ్ మెంబర్లే డెలిగేట్లని ఎన్నుకుంటారని తీర్మానం చేశాడు. ఇంటికి వస్తుంటే మా ఆవిడ కారులో పాట పాడింది. పెళ్లయిన కొత్తలో తప్ప ఆ గొంతు నేను వినలేదు.

ఆ తర్వాతి శనివారం క్లాసులో మా వియ్యపురాలు మంచి హుషారు మీద ఉంది. కమలాపండు ఒలిచి న్యూజెర్సీ కథ చెప్పింది. ఎంత బాగా చెప్పిందో!

"న్యూజెర్సీలో జనం ఎన్నికకి సిద్ధంగా ఉన్నారు. ఇక కొద్దిరోజులే ఉంది. ఈలోగా శాసనసభలోకి కొత్త పక్షం వచ్చింది. జనం తమకి వెయ్యరని వాళ్లకి తెలుసు. ఏం చేశారు? ఎన్నిక చట్టాన్ని రద్దు చేసేశారు. జనం ఇళ్లల్లో తయారవుతుంటే, వీళ్లు సభలో కూర్చుని తమ మనుషుల్నే ఎలక్టర్లుగా వేసుకున్నారు." తొనలన్నీ ఒక్క ఊపులో తన ముందుకి లాగేసుకుంది.

"అట్ల చెయ్యొచ్చా?" పెద్దాయన కుర్చీలోంచి సగం లేచాడు.

"చెయ్యొచ్చు. చట్టం వాళ్ల చేతిలో ఉంది కదా. హక్కు ఇచ్చినవాడికి దాన్ని తీసుకునే దారి కూడా తెలుసు. అది మనం మర్చిపోకూడదు, అంతే."

"వారెవ్వా, ఏం కథ చెప్పినవమ్మా!" అని పెద్దాయన అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆయన మనసు నిండిపోయింది. అదే మా కొంప ముంచింది.

పోలింగ్ ఇంకా మూడు రోజులుందనగా ఈమెయిలు వచ్చింది. 'సంఘ ఐక్యత దృష్ట్యా' పోలింగ్ రద్దు చేశారట. కమిటీ తన అధికారాన్ని ఉపయోగించి డెలిగేట్లని ఏకగ్రీవంగా ఎంపిక చేసిందట. నేను చదివి కుర్చీ తన్నాను. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు అన్నం వడ్డించింది గానీ తను తినలేదు.

శనివారం క్లాసుకి పెద్దాయన వచ్చాడు. ముందు కుర్చీలో కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మా, నన్ను తిట్టు."

"ఏమైందండీ?"

"గా కథ మావానికి నేనే చెప్పిన. అన్నం తినుకుంట, నవ్వుకుంట చెప్పిన. 'ఎట్ల చేసిన్రు డాడీ, ఓటుకి ముందు క్యాన్సిల్ చెయ్యొచ్చా' అని మల్ల మల్ల అడిగిండు. ఎన్నడు నా మాట వినని కొడుకు శ్రద్ధగ వింటున్నడని నేను ఇంక మంచిగ చెప్పిన. నువ్వు మమ్ముల జాగ్రత్త పడుమని చెప్తే, వాడు నేర్సుకున్నడమ్మా."

మా వియ్యపురాలు కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగలేదు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది.

"ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పానండీ. నా పాఠం ఇంత బాగా అమలు చేసిన విద్యార్థి నాకు ఇదే మొదలు. అది కూడా క్లాసుకి రాకుండా!" అంది. తర్వాత పెద్దాయనకి ముందు కుర్చీ చూపించింది. "కూర్చోండి. కథ చెప్పినందుకు మీకు శిక్ష లేదు. చెప్పడం మానేస్తే ఉంటుంది."

బిల్డరు అధ్యక్షుడయ్యాడు. జనవరిలో గది పోయింది. ఇప్పుడు అక్కడ బెలూన్లు కడుతున్నారు. సేవ అంటే అదీ.

నేను కోర్టుకి వెళదామన్నాను. ఈ ఒక్క మాట అంటూ వారం రోజులు ఇల్లంతా తిరిగాను. ఆవిడ విసుక్కుంది. "వాళ్లు నిబంధన తప్పలేదు అన్నయ్యగారూ. అదే కదా బాధ. మన మిషిగన్‌లోనే ఒకప్పుడు శాసనసభ ఎలక్టర్ల పద్ధతి మారిస్తే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టేమంది? అది శాసనసభ ఇష్టమంది. తీర్పు కోసం కూర్చుంటే వదినకి ఇంటర్వ్యూ డేట్ దాటిపోతుంది. గరాజ్ ఖాళీ చేయించండి" అంది.

మా గరాజ్‌లో క్లాసు మొదలైంది. మావాడు కార్లు రెండూ డ్రైవ్‌వేలోకి తోశాడు. ఒక హీటరు పెట్టాం. అది ఒక మూల మాత్రమే వెచ్చబెట్టేది. ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకోవాలి. మిషిగన్ చలిలో కోట్లు వేసుకుని, టోపీలు పెట్టుకుని, నోట్లోంచి పొగలు వదులుతూ, పదకొండు మంది ముసలివాళ్లం! గదిలో కన్నా ఇద్దరు ఎక్కువే వచ్చారు. పెద్దాయన్ని తీసుకొచ్చేది ఆయన కొడుకే. వీధి చివర దింపేసి వెళ్లిపోయేవాడు. డ్రైవ్‌వే దాకా ఒక్కనాడూ రాలేదు.

ఏప్రిల్‌లో మా ఆవిడ రెండోసారి ఇంటర్వ్యూకి వెళ్లింది. బయట లాబీలో నేనూ మా వియ్యపురాలూ కూర్చున్నాం. నాకన్నా ఆవిడకే ఎక్కువ కంగారు. కొంగు మడతపెట్టడం, విప్పడం. మా ఆవిడ తలుపు తీసుకుని వచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

"ఏమడిగాడు వదినా?"

"అధ్యక్షుడికి ఏ నెలలో ఓటేస్తాం అన్నాడు. 'నవంబర్, సర్' అన్నాను. ఊరుకోవచ్చుగా? నోరు ఊరుకోలేదు. 'బట్ ఫస్ట్ టైమ్, న్యూయార్క్ నో ఓట్, సర్. టూ హౌసెస్, ఫైటింగ్' అన్నాను."

"అయ్యో! అదెందుకు చెప్పారు?"

"పెన్ను కింద పెట్టేశాడు. 'రియల్లీ?' అన్నాడు. 'టైమ్ ఫినిష్, నోబడీ గో' అన్నాను. నవ్వాడు. నాకు తెలియదే ఇది, ఇంటికెళ్లి చూస్తానన్నాడు. ఆ తర్వాత మిగతావన్నీ గబగబా అడిగేసి, కంగ్రాచులేషన్స్ అన్నాడు."

మా వియ్యపురాలు మా ఆవిణ్ణి లాబీలోనే కావలించుకుని గిరగిరా తిప్పింది. సెక్యూరిటీవాడు లేచి నిలబడ్డాడు. నేను అటు తిరిగి గోడమీది జెండా చూస్తూ నిలబడ్డాను, కళ్లల్లో ఏదో పడితే. ఆ ఎండాకాలమే మా ఆవిడ విజయవాడ వెళ్లింది. అక్క పోయేదాకా, పోయాక కర్మలు అయ్యేదాకా దగ్గరే ఉంది. తిరుగు టికెట్ తేదీ ఎవరూ అడగలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. మరుసటి ఏడు నోవై కమిటీ డెలిగేట్లని మెంబర్లనే ఎన్నుకోమంది. ఎవరూ నిబంధన మార్చలేదు. ఆపైన కాంటన్. ఆపైన ఫార్మింగ్టన్ హిల్స్. ఒక్కొక్క కబురు వచ్చినప్పుడల్లా ఆవిడ గరాజ్ గోడమీద సుద్దతో ఊరి పేరు రాసేది. అందరం కేకలు పెట్టేవాళ్లం. ఆడపిల్లల హాస్టల్‌లా ఉండేది. ట్రాయ్ మాత్రం కదల్లేదు. "ఏం చేస్తాం అన్నయ్యగారూ, మన ఊరు సౌత్ కరోలినా" అనేది. "అది ఎంతకాలానికి దిగొచ్చింది?" అని మా ఆవిడ అడిగితే, "యుద్ధం అయ్యాక" అనేది. ట్రాయ్ ఇవాల్టికీ కదల్లేదు. సంతాపం ఈమెయిలు మాత్రం అందరికన్నా ముందు పంపింది.

నేను ప్లేనో నుంచి వచ్చేసరికి అంత్యక్రియలు రేపనగా ఉన్నాయి. అవి అయ్యాయి. సంఘం వాళ్లు పూలగుత్తి పంపారు. దాన్ని నేను వెనక వరసలో పెట్టించాను. ఆ తర్వాత శనివారం వచ్చింది. రాత్రంతా మంచు పడింది. గరాజ్‌లో హీటరు సర్దేద్దామని వెళ్లాను. మా ఆవిడ అప్పటికే అక్కడ ఉంది. హీటరు వేసి ఉంది.

"ఎవరొస్తారే ఇవాళ?" అన్నాను.

అది కోడల్ని పిలిచి తలుపు ఎత్తమంది.

గరాజ్ తలుపు కింద నుంచి మెల్లగా పైకి లేస్తుంది కదా. ముందు మంచు కనిపించింది. ఆ మంచులో వరసగా బూట్లు. రబ్బరు బూట్లు, మనవలు వదిలేసిన స్కూలు బూట్లు, ఒకావిడవి మేజోళ్ల మీద చెప్పులు. తర్వాత చీరల అంచులు, కోట్ల అంచులు, చేతుల్లో మడత కుర్చీలు. చిట్టచివర ఒక జత నల్లటి ఆఫీసు బూట్లు, మంచుకి పనికిరానివి. తలుపు పూర్తిగా లేచేసరికి పెద్దాయన, ఆయన చెయ్యి పట్టుకుని చైర్మన్.

"లోపలికి రావచ్చా అంకుల్?" అన్నాడు.

రమ్మని నేను అనలేదు. పొమ్మనీ అనలేదు. పెద్దాయన కుర్చీ మాత్రం తీసుకుని ముందు వరసలో వేశాను.

అందరూ కూర్చున్నాక మా ఆవిడ లేచి ముందుకి వెళ్లింది. కొంగులోంచి పండు తీసింది.

"కొలరాడో" అంది. "వదిన ఇది నాకు వంటింట్లో చెప్పింది. మీకు చెప్పే వారం రాలేదు. కొలరాడో అప్పుడే కొత్తగా రాష్ట్రమైంది. ఎన్నిక పెట్టే వ్యవధి లేదు. ఆ ఒక్కసారికీ మేమే వేస్తామని వాళ్ల శాసనసభ ఎలక్టర్లని వేసింది."

తొక్క ఒలుస్తూ ఆగింది. గోడ దగ్గర నుంచి చైర్మన్ గొంతు వినిపించింది.

"మరి మళ్లీ జనానికి ఎప్పుడిచ్చిన్రు ఆంటీ?"

"ఆ తర్వాతి ఎన్నికకే ఇచ్చేశారు నాయనా" అంది మా ఆవిడ. తొనలు విడదీయడం మొదలుపెట్టింది.

అతను కుర్చీ తెచ్చుకోలేదు. ఎవరూ ఇవ్వలేదు. క్లాసు అయ్యేదాకా గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాడు. ఆ నల్లటి బూట్ల మీది మంచు కరిగి, సిమెంటు మీద చిన్న మడుగై, మెల్లగా తలుపు వైపు పారుతోంది.